మొదటి ముద్ర

“ఆ ఏలు అలా రాయకురా, తోలు ఊడొచ్చీగల్దు,” అంది దాలమ్మ.

పోలరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆదివారం అంటిన సిరా అది. సబ్బుకి పోలేదు. కిరసనాయిలుకి పోలేదు. ఇటుక పొడి పెట్టి రుద్దితే తోలు లేచింది గాని, బొటనవేలి అంచున నీలం అలాగే ఉంది.

గేటు పక్కన రేకుల గది ముందు వరసలో నిలబడ్డారు వాళ్లంతా. కొలిమిల్లో పాత ఇటుకలు ఊడదీసి కొత్తవి పేర్చే కాంట్రాక్టు ముఠా, ఆడా మగా కలిపి ఇరవై మంది దాకా. గదిలో లెక్కలు రాసే మున్షీ బలరామ్ ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు.

ఎమర్జెన్సీ పోయి ఏడాది దాటిందని పేపర్లవాళ్లు రాస్తున్నారు. ఆ ముక్క ఈ కాంట్రాక్టు పట్టిన ఠేకేదారుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

గొడవ పెద్దదేం కాదు. కిందటి నెల కాలే ఇటుక జారి ముఠాలోని కృపారావు పాదం మీద పడింది. కాలికి ఉన్నవి హవాయి చెప్పులు. రబ్బరు కరిగి మాంసానికి అతుక్కుపోయింది. “వాడు మా మనిషే కాదు” అన్నాడు ఠేకేదారు. బూట్లు ఇవ్వాలి, దెబ్బ తగిలితే వైద్యం చేయించాలి అని ముఠా అర్జీ పెట్టింది. రాసిపెట్టింది కార్మికుల ఫెడరేషన్ మనిషి ఏసుదానం.

ఆదివారం కాసిడీహ్ బస్తీలో కృపారావు ఇంట్లో అందరూ ఇరుక్కుని కూర్చున్నారు.

“ఫెడరేషన్ వకీలుని పెడుతుంది,” అన్నాడు ఏసుదానం. “పని ఆపేస్తే సీతారాండేరా బస్తీలో మీ అందరికీ ఒకే పొయ్యి మీద వంట చేయిస్తుంది. కానీ మీ బదులు నేను వేలు వెయ్యలేను. బలవంతం లేదు. వెయ్యాలనుకున్నవాళ్లే వెయ్యండి.”

“ముందేసినోడి పీకే కదా ముందు తెగుద్ది?” అన్నాడు సూర్యం.

“అందుకే గుండ్రంగా వెయ్యండి, బండి చక్రంలా. చక్రానికి మొదలెక్కడ?”

కాగితం చేతులు మారుతూ వచ్చింది. పోలరాజు వంతు వచ్చింది. ప్యాడు మీద బొటనవేలు అద్దాడు. వేలు కాగితం దాకా తెచ్చాడు. తలుపు దగ్గర ఎవరో దగ్గితే అందరూ ఉలిక్కిపడి అటు చూశారు. తర్వాత కాగితం దాలమ్మ ఒళ్లోకి వెళ్లింది. గోడకి పిడక కొట్టినట్టు ఒక్కటి కొట్టిందామె. అందరూ నవ్వారు. పోలరాజు కూడా నవ్వాడు.

అప్పట్నించి నిద్ర లేదు. పొద్దున్న బయల్దేరుతుంటే పెళ్లాం సింహాచలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఆ ఏలిముద్ర నాది కాదనీ మావా. పిల్లల మొకం సూసి ఒక్క మాట అనీ.” పోలరాజు తల వంచుకుని ఆమెని తప్పుకుని వచ్చేశాడు.

“ఆదిబాబు!” కేక వినిపించింది.

రేకు గోడలు. లోపలి మాటలు బయటికి బాగానే వినిపిస్తాయి.

“నాది కాదు బాబూ. అమ్మతోడు.”

“కాదా? మరి ఏలియ్యి. కలవకపోతే ఇప్పుడే పన్లోకి ఎల్లిపోదువు.”

బలరామ్ ఇదివరకు పోలీసు ఠాణాలో రాతపని చేసినవాడు. భూతద్దం పెట్టి ముద్రలు పోల్చడం వాడికి తెలుసు; అర్జీ మీద ముందు వేలేసిందెవరో తేల్చమని ఠేకేదారు వాడికి అప్పజెప్పాడు. భూతద్దం బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత చెంప పేలింది.

“మరిదెవుడిదిరా, నీ అబ్బదా?”

ఆదిబాబు చెంప పట్టుకుని బయటికొచ్చాడు. చేతిలో గేటుపాసు లేదు. 

తర్వాత దాలమ్మ. వాడు అడక్క ముందే ఆమె గొంతు ఖంగుమంది. “మొదటి ముద్ర నాదే!”

బయటికి రాగానే సూర్యం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “అలగనీసినావేటి అప్పా?”

“మొదలేదో తెలక ఆడు సత్తన్నాడు. అందరం మొదలోలమే అయితే ఎవుల్ని పట్టుకుంటాడు? నువ్వూ అదే అను.”

సూర్యం అదే అన్నాడు. వాడి వెనక ఇద్దరూ అదే అన్నారు. పాసులన్నీ బలరామ్ బల్ల మీదే ఉండిపోయాయి.

“పోలరాజు!”

లోపలికి నడిచాడు. బల్ల మీద ఆ కాగితం, పక్కన ప్యాడు, భూతద్దం. బలరామ్‌దీ వీళ్లలాగే శ్రీకాకుళం వైపే. కూలీల భాష తెలిసినవాణ్ని చూసే మున్షీని చేస్తారు.

“నిన్ను సూత్తే జాలేత్తందిరా పోలిగా. పిల్లలు గలోడివి. బయట కూకున్నోలంతా మొదలోలేనట! నువ్వైనా నిజం సెప్పు. నీది కాదంటే ఏలు సూపించు. కలవకపోతే పాసు నీది, రేపట్నించి మేస్త్రీవి నువ్వే.”

 కిటికీలోంచి బయట నేల మీద కూర్చున్నవాళ్లు కనిపించారు. సూర్యం తడిగుడ్డతో ఆదిబాబు చెంప అద్దుతున్నాడు. అబద్ధం ఆడాడని ఆదిబాబుని ఎవరూ దూరం పెట్టలేదు. దాలమ్మ ఇటే చూస్తోంది. తన పక్కన ఒక మనిషికి చోటు వదిలింది.

“సెప్పరా!”

“మొదటిది…” కిటికీ వైపు చూసి మళ్లీ అన్నాడు. “మొదటిది నాదే బాబూ.”

బలరామ్ భూతద్దం పక్కకి తోసేశాడు. “ఒప్పుకున్నోడికి అద్దమెందుకు,” అని పాసు నాలుగు ముక్కలు చేశాడు.

పోలరాజు బయటికొచ్చి దాలమ్మ పక్కన కూలబడ్డాడు.  అప్పుడే సైకిల్ దిగిన ఏసుదానం కాగితం, పెన్సిలు తీశాడు.

“వంటకి చెప్పాలి. మీ ఇంట్లో ఎందరు?”

“నలుగురం.”

“భయమేసిందా?”

“ఏసింది బాబూ.”

ఆదివారం అందరూ తలుపు వైపు చూసినప్పుడు సిరా అంటిన వేలు మడుచుకుని కాగితం దాలమ్మకి ఇచ్చేశాడు పోలరాజు; బలరామ్ దగ్గరున్న ఆ కాగితం మీద అతని ముద్ర లేనే లేదు.