సాంబ్రాణి వాసన

"ఏమయ్యా, ఇది సాంబ్రాణి వాసన కాదా?"

సుబ్బరాయుడు విప్పి దండెం మీద వేసిన పంచెను భారతమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని అడిగింది.

"నంద్యాల మండీలో ధూపం వేసింటారు," అన్నాడతను దొడ్లో తడికె చాటున నీళ్లు పోసుకుంటూ.

"ప్రతి శుక్రవారమూ పంచెకే వేస్తారా?"

తడికె వెనక చెంబు చప్పుడు ఎక్కువైంది.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది అది. ఏడు వారాలుగా ఇదే తంతు. పత్తి బేరమని శుక్రవారం పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కుతాడు. మధ్యాహ్నం దాటాక వస్తాడు, రాగానే ఒళ్లు కడుక్కుంటాడు. పంచె లోపలి వైపు తాంబూలం రంగు మరక. పైగా భారతమ్మ పక్కన కూర్చుంటే చాలు, ఒంట్లో బాగాలేదని లేచిపోతాడు.

శుక్రవారం తలంటుకుని జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టించేది ఎవరు? ఆడది. అదీ ఒత్తయిన జుట్టున్న పడుచుది. తన పల్చబడిన జడను తడుముకుని భారతమ్మ కుళ్లి కుళ్లి ఏడ్చింది. పదకొండేళ్లుగా ఈ మనిషినే నమ్ముకుంది. ముందూ వెనకా ఎవరూ లేరు, కడుపున ఒక కాయైనా కాయలేదు. ఇప్పుడు ఇంకొకతె ఎగరేసుకుపోతే తన బతుకు బజారే.

మరుసటి శుక్రవారం ఆమె అతని కంటే ముందు బస్సులో నంద్యాల చేరింది. ముసుగు వేసుకుని బస్టాండు మూల నిలబడింది. సుబ్బరాయుడు దిగాడు. మండీ వైపు పోలేదు. వెనక సందులో పచ్చ తెర వేలాడుతున్న ఇంట్లోకి దూరాడు. గోడ మీద బోర్డు ఉంది గానీ భారతమ్మకు చదువు రాదు. గడప దగ్గరే సాంబ్రాణి గుప్పుమంది.

ఆమె తెర లాగేసింది. "యాడుందా ముండ?"

లోపల బల్ల మీద సుబ్బరాయుడు. ఎదురుగా సీసా పట్టుకుని డాక్టరు బాలసుబ్రహ్మణ్యం.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు డాక్టరు.

"నేనీయన మనిషిని."

"మంచిది. రెండు నెలల నుంచీ నిన్ను పిల్చుకరమ్మని చెప్తాండా, వినడు." డాక్టరు సీసా ఆమె ముందు పెట్టాడు. "మర్మస్థానంలో పులిపిర్లు లేచినాయి. దానికే ఈ మందు. ఒంటికి అంటుకోవాలని సాంబ్రాణి ద్రావకంలో కలుపుతాం. వారానికొకసారి పూస్తాం. పూసిన నాలుగు గంటల్లోపల కడుక్కోవాల, లేకుంటే పుండు పడుతుంది."

భారతమ్మ సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నాళ్లూ తను తిట్టిపోసింది ఒక సీసానా?

"ఇదెట్లొచ్చింది సారూ?"

"ఆడామగా కలిస్తే అంటుకుంటుంది. ఒకరికి వచ్చిన నెలలకు గానీ ఇంకొకరికి బయటపడదు. ఎవరి నుంచి ఎవరికని పంచాయితీ చేసేది నా పని కాదు. నిన్ను కూడా చూడాల. విజయమ్మా!"

నర్సు విజయమ్మ ఆమెను తెర చాటుకు తీసుకుపోయి దీపం పెట్టి చూసింది.

"నీకూ మూడుండాయి. చిన్నవే, పోతాయి. నెల తప్పలేదు కదా? కడుపుతో ఉంటే ఈ మందు పూయం."

"ఆ భాగ్యం లేదులే తల్లీ."

మందు చురుక్కుమంది. అయినా భారతమ్మకు నవ్వొచ్చింది. జబ్బు ఇద్దరిదీనట, పడుచుది లేదట. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఇద్దరూ ఎదుట నిలబడ్డాక డాక్టరు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "వచ్చే శుక్రవారం ఇద్దరూ రాండి. ఇంకొక మాట. ఈ వ్యవహారంలో ఇంకెవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. వాళ్లకూ పూయాల. ఒక్కరిని వదిలేసినా మందంతా దండగ, మళ్లీ మొదటికొస్తుంది."

సుబ్బరాయుడు నోరు తెరిచి, మూసుకుని, నేల చూశాడు.

"ఇంకెవరూ లేరు సారూ," అంది భారతమ్మ గబుక్కున. "నేనొక్కదాన్నే."

బస్సులో పదిమంది చూస్తుండగా అతని పక్కనే కూర్చుంది. అతను దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు. సిగ్గుపడుతున్నాడులే అనుకుని తనూ కదిలించలేదు. ఆళ్లగడ్డ చేరాక తనే నీళ్లు తోడిపెట్టింది. కోపం చల్లారింది కాబట్టి వేడివేడిగా కొర్రన్నం, పప్పు పెట్టింది. సుబ్బరాయుడు తిన్నాడు, పొడి పంచె కట్టుకున్నాడు, చెప్పులేసుకున్నాడు.

ఎప్పటిలాగే పొద్దు గూకకముందే పెళ్లాం ఇంటికి పోయాడు.