గట్టు మీద ఆముదం

"వదినా, పురుగు."

మరిది అన్న ఆ ఒక్క మాటకే ఆమె చేతిలోని పార జారిపోయింది.

ఇద్దరూ గట్టు దగ్గరికి పరుగెత్తారు. పురుగు పట్టింది పత్తికి కాదు. పక్క పొలం ఆయన గట్టు వెంబడి వేసిన ఆముదం మొక్కలకు. ఆకులన్నీ జల్లెడలయ్యాయి. ఏ ఆకు తిప్పినా గుత్తులు గుత్తులుగా లద్దెపురుగులే.

గట్టుకు ఇవతల ఆమె పత్తి, మూడెకరాలు, ఒక్క చిల్లు లేకుండా ఉంది.

రెండేళ్లుగా ఆ చేలో మందు కొట్టలేదు. కొట్టే అవసరం రాలేదు. అదృష్టం అనుకుంది ఆమె. అదృష్టానికి కారణం ఏమిటని ఎవరు మాత్రం ఆరా తీస్తారు?

అంతకుముందు ఏడాది ఆమె భర్త మందు కొడుతూ కొడుతూ సాళ్ల మధ్యే కూలిపోయాడు. స్ప్రేయరు వీపున ఉండగానే ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి ఆమెకు పురుగు కంటే మందంటేనే ఎక్కువ భయం. ఇప్పుడు పత్తికి పురుగు పడితే ఆ స్ప్రేయరు ఎత్తుకోవలసింది మరిదే. వచ్చే నెల తండ్రి కాబోతున్నవాడు.

"ఎవరి నిర్వాకమిది?" అంటూ ఆమె ఒంటికాలి మీద లేచింది.

అప్పుడే వస్తున్నాడు పక్క పొలం ఆయన. రెండేళ్ల కిందట ఎక్కడి నుంచో వచ్చి ఆ పొలం కౌలుకు తీసుకున్నాడు. ఉలుకూ పలుకూ లేని మనిషి. పొద్దు పొడిచేసరికి బకెట్టు పట్టుకుని ఆముదం ఆకులు తెంపుతూ కనిపించేవాడు. ఊళ్లోవాళ్లు ఆముదాలాయన అని పేరు పెట్టి నవ్వుకునేవారు. నాలుగు రోజులుగా మాత్రం కనిపించలేదు.

"ఏం పెద్దాయనా, పురుగుల్ని పెంచుతున్నారా?"

"పెంచడం కాదమ్మా. ఈ పురుగు ముందు ఆముదం మీదే గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తెంపేస్తే మీ పత్తి జోలికి రాదు. నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాను, తెంపలేకపోయాను. ఈ పూటే ఏరేస్తాను."

"మీరు ఏరేదాకా మా చేను మిగలాలి కదా." మరిది వైపు తిరిగింది. "కొట్టెయ్."

మరిది కొడవలి ఎత్తాడు. పెద్దాయన మొక్కలకు అడ్డం నిలబడ్డాడు.

"కొట్టొద్దు బాబూ. ఆముదం పడిపోతే వాటికి తిండి ఉండదు. తిన్నగా మీ చేలోకే దిగుతాయి."

"బెదిరిస్తున్నారా?" అంది ఆమె.

"బతిమాలుతున్నాను తల్లీ. సాయంత్రం వరకు ఆగండి."

ఆమె ఆగలేదు. భయం పట్టిన మనిషికి ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు. పెద్దాయన్ని చెయ్యి పట్టి పక్కకు లాగింది కూడా ఆమే. గంటలో గట్టంతా బోడి అయిపోయింది.

పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, పడిపోయిన ఆకుల్లోంచి ఒక్కో పురుగునే ఏరి బకెట్లో వేయసాగాడు.

"మీ ఏరుడూ వద్దు, మీరూ వద్దు. మళ్లీ ఈ ఛాయలకు వస్తే మర్యాదగా ఉండదు."

ఆయన లేచాడు. మరిది మొహంలోకి కాసేపు చూశాడు.

"నువ్వు మాత్రం మందు ముట్టుకోకు బాబూ," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. శాపనార్థం పెట్టి పోయాడనుకుంది.

మర్నాటికి గట్టు పక్క నాలుగు సాళ్లలో ఈనెలే మిగిలాయి. ఆ మర్నాటికి పదహారు సాళ్లు. ఇంటిల్లిపాదీ వంగి చేత్తో ఏరారు. నడుములు పడిపోయాయి కానీ పురుగు తగ్గలేదు.

మూడో రోజు మరిది ఏరుతూ ఏరుతూ ఆగిపోయాడు.

"వదినా, ఆయన పొలంలో వేసింది జొన్న కదా?"

"అయితే?"

"జొన్నకి ఈ పురుగుతో బాధే లేదు. మరి ఆ ఆముదం ఎవరికోసం వేసినట్టు?"

ఆమె ఏరడం ఆపేసింది. జొన్నచేనుకు అడ్డంపడి ఆయన పాక దాకా పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం లేదు, పొయ్యి మీద గిన్నె లేదు, మనిషి లేడు.

తిరిగి వచ్చేసరికి మరిది స్ప్రేయరు కడుగుతున్నాడు.

"ఇంక తప్పదు వదినా. చేను పోతే ఏం తింటాం?"

"నేను వచ్చేదాకా దాన్ని ఎత్తుకోకు. మందు నేనే అడిగి తెస్తాను."

టౌనులోని ఆ పురుగుమందుల షాపులో అడుగు పెట్టడం ఆమెకదే మొదటిసారి. భర్త ఉన్నన్నాళ్లూ ఊరి నుంచి ఇంత దూరం ఆయనొక్కడే వచ్చేవాడు. ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"లద్దెపురుగుకి మందు కావాలి. మనిషికేమీ కానిది ఇవ్వండి."

"ఏ పొలమమ్మా మీది?"

"కాలువ చివరిది. గట్టు మీద ఆముదం ఉండేదే, ఆ పక్కది."

డబ్బా తీయబోయిన షాపతని చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఉండేదేంటి? ఇప్పుడు లేదా?"

"కొట్టేశాం. ఆయన్నీ తరిమేశాం." "ఆయన మీకు తెలుసా? ముక్కూమొహం తెలియని మా చేనుకు కాపలా కాయాల్సిన కర్మ ఆయనకేంటి?"

షాపతను కౌంటరు వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. ఆమెకు కుర్చీ జరిపాడు.

"ఈ షాపు ఆయనదేనమ్మా," అన్నాడు మెల్లగా. "మీ ఆయనకి ఆ ఆఖరి డబ్బా అందించింది ఆయనే, కబురు తెలిసిన పూటే తాళాలు నా చేతిలో పెట్టి, ఆ చేలో ఇంకెవరూ మందు కొట్టే అవసరం రాకూడదంటూ మీ పక్క పొలం వెతుక్కుంటూ వెళ్లాడు."