పాప తాగిన మందు

“పాపకు అలెర్జీ మందు ఇచ్చేశాను. ‘నేనే తాగుతా’ అని మూత లాక్కెళ్ళి, బుద్ధిగా ఖాళీ చేసి తెచ్చింది,” అన్నాడు మందుల షాపాయన, ఖాళీ కాఫీ గ్లాసు కింద పెడుతూ గర్వంగా.

భార్య చేతిలో గరిట ఆగిపోయింది. “అదేంటండీ! ఇందాకే నేనూ మూత నింపి దాని చేతికిచ్చానే!”

లోపలి గదిలోంచి అతని తల్లి వచ్చింది. “దద్దుర్లు గోక్కుంటుంటే చూడలేక నేనూ ఓ మూత పోసిచ్చాన్రా.”

అతను నెత్తి కొట్టుకున్నాడు. ‘పిల్లల మందు ఒక్కరి చేతి మీదుగానే పోవాలమ్మా’ అని కౌంటరు మీద మోచేతులాన్చి రోజూ ఊరందరికీ పాఠం చెప్పే పెద్దమనిషి తనే. ఆ పాఠం చెవికెక్కని కొంప ఊళ్ళో ఒకటుందంటే అది తనదే!

పరుగున వెళ్ళి పాప భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నిద్రొస్తోందా తల్లీ? కళ్ళు తిరుగుతున్నాయా?”

“నువ్వే తిప్పుతున్నావు నాన్నా!”

అందరూ ఆటో ఎక్కారు. పాప ఎక్కడ నిద్రపోతుందోనని అతను దారంతా పాటలు పాడాడు. “పాప బాగానే ఉంది సార్, ఇక ఆపండి,” అని డ్రైవరే బతిమాలుకున్నాడు.

పిల్లల డాక్టరమ్మ నాడి చూసింది, గుండె విన్నది, కళ్ళలోకి లైటు వేసింది. “షాపులో అందరికీ జాగ్రత్తలు చెబుతారు కదండీ మీరు?”

“చెప్పడం బాగా వచ్చండీ. వినడమే చేతకాదు,” అన్నాడు తల దించుకుని.

“మూడు మోతాదులు పడ్డ పిల్ల ఇంత హుషారుగా ఉండదే! దద్దుర్లు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.” డాక్టరమ్మ పాప ముందు వంగింది. “నిజం చెప్పమ్మా, మందు తాగావా?”

పాప తల అడ్డంగా ఊపింది. “కాఫీలో పంచదార లేదని నాన్న ఒకటే గోల. పాపం కదా అని మొత్తం అందులో పోసేశా. గటగటా తాగేశాడు!”

‘ఎంత పని చేశావే!’ అని అరవబోయాడు. నోరైతే బార్లా తెరుచుకుంది గానీ, బయటికొచ్చింది ఆవలింత.