చాడీ చెప్పినవారు కావలెను

"నా మీద ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి చాడీ చెప్పింది మీరేనని ఒప్పుకోండి బ్రదర్. మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు రత్నరాజు.

జెర్సీ సిటీలో తెలుగువాళ్ళు అద్దెకు తీసుకున్న చర్చి బేస్‌మెంట్ అది. ఆదివారం ఆరాధన అయిపోయి జనం వెళ్ళిపోయారు. రత్నరాజు భార్య వసంతకుమారి ఓ మూల సింకు దగ్గర ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం పంచిన గ్లాసులు కడుగుతోంది. సంఘ పెద్ద ప్రేమానందం గారు కుర్చీలు మడతపెడుతున్నవారు కాస్తా చేతిలో కుర్చీతో అలాగే నిలబడిపోయారు.

"నేనా? నీ మీద చాడీనా?"

"కోపగించుకోకండి. చెప్పారంటే నేను బతికిపోతాను!"

ఎక్కడైనా చాడీ చెప్పినవాణ్ణి పట్టుకుని నాలుగు తంతారు గాని, నువ్వే చెప్పావని ఒప్పుకో మహానుభావా అని బతిమాలేవాళ్ళుంటారా? పాపం, రత్నరాజు అవస్థ అలా వచ్చింది. పేపర్లు లేకుండా దొంగచాటుగా బతుకుతున్నవాళ్ళని మన్నించి గ్రీన్‌కార్డుకి దారి చూపే కొత్త చట్టం ఒకటి వచ్చింది. దాని గడువు ఈ బుధవారం, ఎనభై ఎనిమిది మే నాలుగుతో సరి. లాయరేమో నిన్న కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"నువ్వు స్టూడెంట్ వీసా మీద వచ్చి, కాలేజీ మానేసి, మోటెల్లో పనికి కుదిరావు. ఎనభై రెండు జనవరికి ముందే ఆ తప్పు చేశావు, బాగానే ఉంది. కానీ నీలా వీసా మీద వచ్చినవాళ్ళకి ఇంకో రూలుంది, ఆ తప్పు అప్పటికే గవర్నమెంటుకి తెలిసి కూడా ఉండాలి. నీ మీద ఎవరైనా రిపోర్ట్ చేశారా?"

ఆ మాట వినగానే రత్నరాజుకి ప్రేమానందం గారి మొహమే గుర్తొచ్చింది. "ఏ కాలేజీ తమ్ముడూ? ఈ సెమిస్టర్ ఏం చదువుతున్నావ్?" అని ఆ రోజుల్లో ప్రతి ఆదివారం ఆరాలు తీసింది ఈయనే. పైగా పోస్టాఫీసులో ఉద్యోగం, అంటే గవర్నమెంటు మనిషి. "ఆయన ముందు నోరు విప్పకు" అని భార్యకి కూడా గట్టిగా చెప్పి ఉంచాడు. ఇన్నేళ్ళూ తన అనుమానం నిజం కాకూడదని మొక్కినవాడు, పొద్దున్నే మోకరించి అది నిజం కావాలని ప్రార్థన చేసి మరీ వచ్చాడు.

"గుర్తు తెచ్చుకోండి బ్రదర్. ఎనభై ఒకటిలో ఎప్పుడైనా, ఒక్క ఫోన్ కాల్?"

"నువ్వు కాలేజీ మానేశావని నాకు తెలుసయ్యా. ఫీజుకి ఇబ్బందేమో, సంఘంలో అందరం తలోచెయ్యీ వేద్దామని అడిగేవాణ్ణి. నువ్వేమో నన్ను చూస్తే పోలీసుని చూసినట్టు తప్పుకునేవాడివి."

రత్నరాజు నమ్మలేదు. చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నాడు.

"పర్లేదు, నేనేమీ అనుకోను. ఇక్కడే పుట్టి ఇక్కడే బడికెళ్తున్న పిల్లని తీసుకుని ఎక్కడికి పోమంటారు? ఈ ఉద్యోగం పోతే ఇంకోడు పనివ్వడు. పేపర్లు లేనివాణ్ణి పెట్టుకుంటే ఓనర్‌కి ఫైన్ అట, అదీ ఈ చట్టంలోదే. ఒప్పుకోండి!"

ప్రేమానందం గారికి ఒళ్ళు మండింది. కుర్చీని గోడకి కొట్టినట్టు ఆనించారు.

"ఉప్పూ నిప్పూలా ఉండే రెండు పార్టీల వాళ్ళు ఒకచోట కూర్చుని నీలాంటివాళ్ళ కోసం ఈ చట్టం చేశారు. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునే మనం మాత్రం ఒకళ్ళనొకళ్ళు నమ్ముకోలేకపోయాం. నీకోసం అబద్ధమైనా ఆడతాను తమ్ముడూ. కానీ నేను చెప్పని చాడీ వాళ్ళ రికార్డుల్లోకి ఎలా వస్తుంది?"

ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక గాని రత్నరాజుకి నమ్మకం కుదరలేదు. ఇంత మంచివాణ్ణా ఇన్నేళ్ళు అనుమానించానని సిగ్గేసింది. ఇంత మంచివాడైనందుకు ఏడుపూ వచ్చింది. మిగిలిన కుర్చీలో కూలబడ్డాడు.

"అయిపోయింది వసంతా. ఈ దేశంలో నా మీద చాడీ చెప్పే దిక్కు కూడా లేకపోయింది."

సింకు దగ్గర గ్లాసుల చప్పుడు ఆగింది. వసంతకుమారి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, భర్త మొహంలోకి చూడలేక నేలకేసి చూస్తూ నిలబడింది.

"ఎనభై ఒకటిలో, క్రిస్మస్‌కి ముందు, మీరు పనికెళ్ళాక నేనే ఫోన్ చేసి మీ పేరూ మోటెల్ అడ్రసూ చెప్పానండీ," అంది, "మనిద్దర్నీ పట్టుకుని మా అమ్మ దగ్గరికి పంపించేస్తారని."