సంజనకు తీసివేతలు

దివాకర్ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని గోడ పక్కన వేశాడు. చిన్న కుర్చీ. దాని ఎదురుగా నల్ల బోర్డు నిలబెట్టాడు. కామారెడ్డి బజారులో తన విత్తనాల దుకాణం తెరవడానికి ఇంకా గంట టైముంది. ఆ గంటలోనే సంజనకు తీసివేతలు ఎలా చెప్పాలో ఇంట్లోవాళ్లకు చూపించి తీరాలనుకున్నాడు.

"ఎనిమిదిలకెల్లి మూడు తీసేస్తె ఎంత?" అని బోర్డు మీద రాశాడు. అబాకస్ పూసలు టకటకా జరిపాడు. "ఊఁ, చెప్పు బిడ్డా!"

కుర్చీ వైపు నుంచి చప్పుడు లేదు.

"మీ పూసలకు ఎవ్వలు పలుకుతరు?" అంది అతని భార్య ప్రమోద, వంటింటి గుమ్మంలో నిలబడి. "ప్లేట్ల నాలుగు ఇడ్లీలు పెట్టాలె. ఒకటి తిన్నంక ఎన్ని మిగిలినయని అడగాలె. కడుపు నిండుతది, లెక్కా వస్తది."

"రేపొద్దున స్కూల్ల ఇంటర్వ్యూ పెడ్తరు. ఇడ్లీల ప్లేటు పట్టుకొని పోతదా?"

"వేళ్లున్నయి గద. దేవుడు పది ఊకెనే ఇచ్చిండా?"

దివాకర్‌కు ఒళ్లు మండింది. వేళ్లంటే అతనికి నామోషీ. దుకాణానికి వచ్చే రైతులే ఇప్పుడు ఫోన్లో కూడుతున్నారు. అతని కూతురు వేళ్లు ముడుస్తూ కూర్చుంటే బజారులో తలెత్తుకోగలడా?

"నా బిడ్డ వేళ్లు లెక్కపెట్టది. అంతే!"

చాట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తున్న అతని తల్లి భూమక్క తలెత్తింది.

"నువ్వు అయిదో తరగతి దాక వేళ్లే లెక్కపెడ్తివి గదరా. చేతివేళ్లు సాలకుంటె కాలివేళ్లు. పది దాటితె చెప్పులు ఇడుస్తుంటివి. నేనైతె గీ గింజలే పోస్త. ఏరుకుంట నేర్చుకుంటది."

ప్రమోద పకపకా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వు, నవ్వు. మీ ఎల్లారెడ్డి ఊరి చదువు గట్లనే ఉంటది," అన్నాడు దివాకర్.

నవ్వు ఆగింది. డిగ్రీలో లెక్కలు ప్రమోద మంచి మార్కులు తెచ్చుకున్న సబ్జెక్టు. దివాకర్ తప్పిన సబ్జెక్టు కూడా అదే. ఆ మాట ఆమె అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. భూమక్క అనేసింది.

ప్రమోద లోపలికి వెళ్లింది. సర్ది ఉన్న బ్యాగు జిప్పు సర్రున లాగింది. తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"నేను పోతున్న. సంజనకు లెక్కలు ఎవరు చెప్పాలెనో తేల్చుకొని ఫోన్ చెయ్యుండ్రి. లేకుంటె నేను తిరిగి రాను. నేను రాకుంటె సంజన గూడ రాదు, చెప్తున్న!"

దివాకర్ సుద్దముక్క కింద పెట్టేశాడు. ఆమె లేని ఇల్లు. ఆమె లేని పొద్దు. ఒక్కడే ఊదుకుంటూ తాగే చాయ్. బోర్డు మీది లెక్క కన్నా ఈ తీసివేత అతనికి తొందరగా అర్థమైంది.

"సరే. వేళ్లే."

"ఇడ్లీలు?"

"ఇడ్లీలు గూడ."

"మరి నా చింతగింజలు?" అంది భూమక్క.

"అవి గూడనే అవ్వా! నన్ను ఇడువుండ్రి!"

అబాకస్ అటకెక్కింది. ప్రమోద అతని రెండు చేతులూ పట్టుకుని ఎనిమిది వేళ్లు విప్పింది. మూడు ముడిచింది.

"ఎన్ని?"

"అయిదు," అన్నాడు దివాకర్, ఒకటికి రెండుసార్లు చూసుకుని.

ఇద్దరికీ నవ్వాగలేదు. భూమక్క చాట వైపు తల తిప్పుకుంది. ముడిచిన వేళ్లు ప్రమోద ఇంకా వదల్లేదు.

వాకిట్లో బండి ఆగింది.

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ప్రమోద అన్న భీమేష్ చెల్లెలి బ్యాగు అందుకున్నాడు; రేపటి నుంచి ఆషాఢం, దివాకర్, ప్రమోదల పెళ్లయి ఇంకా పదమూడు రోజులే.