తంబోలా చీటీకో ఫారం

"ఇందులో ఉన్నది నువ్వేనా అమ్మా?"

నయా రాయపూర్‌లో ఆ సెమినార్ హాలు బయట, తెలుగు మాట వినపడేసరికి వీణకి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా నెరిసిన జుట్టాయన. చేతిలో హిందీ పేపరు కటింగు. అందులో వీణ ఫొటో. అలాంటి కటింగునే వీణ నాన్న నూకరాజు రెండు వారాలుగా రైల్వే కాలనీలో గడపగడపకీ తిప్పి చూపిస్తున్నాడు.

"నేనేనండీ. మీరు?"

"బంగారయ్య. మందిర్ హసౌద్‌లో ఉంటాం. రోలింగ్ మిల్లులో పని. మా ఇంటిదానికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు రాయపూర్ ఆస్పత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. పొద్దున్న ఏడింటి బస్సులో వెళ్లేవాళ్లం. పది రోజులైంది, బంద్ చేసేశారు. ఎందుకయ్యా అని బస్సుల ఆఫీసుకెళ్లి అడిగితే ఈ ముక్క చేతిలో పెట్టారు. సెమినార్ ఇవాళేనని కూడా అందులోనే ఉంది."

ఆ ముక్కలో ఏముందో వీణకి చదవక్కర్లేదు. మందిర్ హసౌద్ నుంచి ఆస్పత్రులకి వెళ్లేవాళ్లలో నూటికి తొంభైమంది సొంత బళ్లలోనే వెళుతున్నారట. వీణ చేసిన పరిశోధనలో తేలిందట.

"మరిప్పుడు ఎలా తీసుకెళుతున్నారు?"

"మోటారు సైకిలు మీద. వచ్చేటప్పుడు దానికి కళ్లు తిరుగుతాయి, కూచోలేదు. తువ్వాలుతో నా నడుముకి కట్టేసుకుంటాను. మొన్న ముడి ఊడి జారిపోయింది. వెనక లారీ లేదు కాబట్టి మనిషి దక్కింది."

వీణ చేతిలో టీ చల్లారిపోతోంది. తాగడానికీ పారబొయ్యడానికీ కూడా తోచలేదు.

"ఎవర్నడిగావమ్మా ఇదంతా?"

"అంటే... శాంపిల్ సర్వే అనుంటుందండీ. దానికో మెథడ్..."

చదువుకున్నవాళ్లకి ఇలాంటప్పుడే ఇంగ్లీషు అక్కరకొస్తుంది.

"అదంతా నాకు తెల్దు గాని, ఏ బస్టాపులో నుంచున్నావు? ఏ పూట? రెండేళ్లుగా ఆ బస్సెక్కుతున్నాను, నిన్నెప్పుడూ చూళ్లేదే?"

నుంచుంటే కదా చూడ్డానికి! లోపల పొద్దుట్నించీ లా వాళ్లు, ఫైనాన్సు వాళ్లు, వైద్యం వాళ్లు, ఆఖర్న బస్సుల మీద వీణ, అందరూ ప్రజల గురించే మాట్లాడారు. ప్రజల్లోంచి వచ్చింది మాత్రం ఈయనొక్కడే. ఈయన అడిగిన ప్రశ్న లోపల ఒక్కరూ అడగలేదు.

వీణ తల దించుకుంది. అబద్ధం చెబుదామంటే తువ్వాలు ముడి కళ్ల ముందు కదులుతోంది.

"నేను ఏ బస్టాపులోనూ నుంచోలేదండీ," అంది మెల్లగా. "ఎండలు తగ్గాక వెళదామనుకున్నాను. తగ్గాక ఇంకెప్పుడో అనుకున్నాను. గడువు దగ్గర పడింది. కార్తీకమాసంలో మన తెలుగు సంఘం వనభోజనాలు జరిగాయి కదా, అక్కడ సంఘం వాళ్లచేత పంచించేశాను ఫారాలు. నింపి ఇచ్చినవాళ్లకే తంబోలా చీటీ ఇవ్వమని వాళ్లతో చెప్పాను. అరగంటలో నూట ఇరవై వచ్చేశాయి. అందులో మీ ఊరివి ఏరి లెక్కకట్టాను. బస్టాపుల్లో సేకరించానని థీసిస్‌లో రాసేశాను."

బంగారయ్య చేతిలో కటింగు నాలుగు మడతలైంది, ఎనిమిది మడతలైంది.

"కార్లలో దిగినవాళ్లకి పంచి, బస్సు అక్కర్లేదని తేల్చాను. నన్ను తిట్టండి బాబాయ్ గారూ. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

తిడితే బాగుండును. నాలుగు చీవాట్లు పడితే కాస్త బరువు దిగేది. ఆయన మాత్రం వీణ వైపు చూడకుండా ఎక్కడో రోడ్డు వైపు చూస్తున్నాడు.

వీణ కప్పు కింద పెట్టింది. వచ్చే నెలే వైవా. ఐదేళ్ల చదువు. ఇంటి గోడకి తగిలించడానికి నాన్న అప్పుడే డాక్టర్ వీణ అని పేరుపలక కూడా చేయించి పెట్టాడు. పోతే పోనీ అనుకుంది.

"లోపల మా గైడు గురునాథం గారున్నారు. బస్సుల ఆఫీసరూ ఉన్నారు. ఇప్పుడే మైకు తీసుకుని చెప్పేస్తాను. నా డిగ్రీ ఆగిపోతే ఆగిపోనీ, మీ బస్సు మీకు రావాలి. మీరు కూడా రండి. మీలాంటివాళ్లని నేను అడగనే లేదని ఆఫీసరు ముందు ఒక్కమాట చెప్పండి. చాలు."

ఆమె రెండడుగులు వేసి వెనక్కి చూసింది. బంగారయ్య కదల్లేదు. కదలకపోగా మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను రాలేనమ్మా."

"పెద్దవాళ్లని చూసి భయపడకండి. మాట్లాడేది నేను కదా."

"భయం కాదమ్మా." ఆయన మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "నువ్వు అడగలేదని నేనెలగ చెప్పను?"

వీణకి అర్థం కాలేదు. వచ్చి ఆయన పక్కన కూచుంది. ఆయన మొహం ఎత్తకుండానే చెప్పాడు.

"మావాడికి అప్పుడే సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు తన కార్లో ఎక్కించుకుని తీసుకొచ్చాడు వనభోజనాలకి. ఆయన పక్కనే కూచుని చూస్తుంటే, 'ఆస్పత్రికి ఎలా వెళతారు' అన్నచోట 'సొంత కారు' అని రాసి నేనూ ఒక తంబోలా చీటీ తీసుకున్నానమ్మా."