రాణిగారి మీసాలు

"చిరుగులు అతికించి, రాణిగారి మీసాలు చెరిపెయ్యండి," అన్నాడు తమ్ముడు, తన పాత బొమ్మల కథల పుస్తకం బల్ల మీద పెడుతూ.

బైండరు తల అడ్డంగా ఊపాడు. "చెరిపితే కాగితం పల్చబడుతుంది. పాత పుస్తకాలు సేకరించేవాళ్ళు ఇట్టే పసిగడతారు. విలువ పడిపోతుంది."

"పడనివ్వండి. చిన్నప్పుడు మా అక్క చేసిన ఘనకార్యం అది."

పక్కనే ఉన్న అక్క ముసిముసిగా నవ్వింది. "నేను కాదురా. నాన్న."

"నాన్నా? ఆయన నవ్వడమే నేనెప్పుడూ చూడలేదు."

"నేను చూశాను. మీసాలు గీసి, తనలో తనే నవ్వుకుంటూ నాకు దొరికిపోయారు. నేరం నామీద వేసుకున్నందుకు నెలంతా చాక్లెట్లు కొనిపెట్టారు."

తమ్ముడు రాణిగారి బొమ్మ ఉన్న పేజీని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"మరి చెరపమంటారా?" అన్నాడు బైండరు.

"చిరుగులు అతికించండి చాలు," అన్నాడు తమ్ముడు, నవ్వు ఆపుకుంటూ. "మీసాల జోలికి వెళ్ళకండి."